కొత్త చింతగింజలు

పిల్లల్లో మంచి ఎంతుందో కొలిచే పని నేను మూడేళ్ళు చేశాను. నవ్వకండి, నిజంగానే అలాంటి పని ఒకటుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల్ని ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకు తమ మీద తమకు నమ్మకం ఎంత, ఎదుటివాళ్ళ మీద దయ ఎంత, చుట్టూ ఉన్న పెద్దలతో బంధం ఎంత అని అడిగి కాగితం మీద అంకె వేయాలి. అదే కాగితాన్ని ఇంకా చాలా దేశాల్లో, ఆయా భాషల్లోకి మార్చి, అక్కడి పిల్లల చేత కూడా నింపిస్తారట. చివరికి అన్నీ ఒకచోట పోసి, ఎక్కడి పిల్లలు ఎలా ఎదుగుతున్నారో చూస్తారట.

మాది ఏన్కూరు దగ్గర ఒక తండా. ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెరిగాను. మా ఆయనకు పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం కాబట్టి పెళ్ళయ్యాక అక్కడే ఉంటున్నాం. డిగ్రీ చదివినందుకు నాకు దొరికినవన్నీ కాంట్రాక్టు పనులే. మరుగుదొడ్ల సర్వే, దోమతెరల సర్వే, బడి మానేసిన పిల్లల సర్వే, ఇలా ఎన్ని గడపలెక్కి దిగానో లెక్కలేదు. వాటన్నిటిలో ఇష్టపడి చేసింది మాత్రం ఈ ఒక్కటే.

ఖమ్మంలో మాకు ట్రైనింగ్ ఇచ్చినాయన హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర సారు. మనిషి మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. "ఇది పిల్లల్లో ఏం తక్కువైందో వెతికే సర్వే కాదు మేడం, ఏం బాగుందో చూసే సర్వే" అన్నాడు మొదటి రోజే. ఆ మాటకు నేను పడిపోయాను. మేం హాస్టల్లో ఉన్నప్పుడు కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఏం అడిగేవారు? తలలో పేలున్నాయా, ఒంటి మీద గజ్జి ఉందా, ఎంతమంది పారిపోయారు. నీకేం చేతనవును అని నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

కాగితం చూశాక మాత్రం ఊరుకోలేకపోయాను. 'నాలో మంచి గుణాలు చాలా ఉన్నాయి' అని ఒక వాక్యం. దానికి పిల్లలు పూర్తిగా ఒప్పుకుంటారో, కొంత ఒప్పుకుంటారో, అసలు ఒప్పుకోరో టిక్కు పెట్టాలి. మా తండాలో నేను ఆ మాట అని ఉంటే, "ఏందే, కండ్లు నెత్తికెక్కినయా?" అని మా అమ్మ చీపురు తిరగేసేది. లేచి నిలబడి అదే చెప్పాను. "సార్, మా దిక్కు పిల్లలు తమను తాము పొగుడుకోరు. పొగుడుకుంటే దిష్టి తగుల్తదంటరు. మీరు ఇదే ప్రశ్న వేస్తే మా పిల్లలందరికీ తక్కువ మార్కులే వస్తయి. వాళ్ళల్ల మంచి లేక కాదు" అన్నాను. సారు ముఖం వెలిగిపోయింది. "ఇదే మేడం మాకు కావాల్సింది" అని రాసుకున్నాడు. అప్పటి నుంచి ఏ ఊళ్ళో ఏ పద్ధతి అడ్డొచ్చినా నాకే ఫోను. అబ్బో, నాకు కొమ్ములు మొలిచాయి. ఈ అడవి దిక్కు మనుషుల గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను.

గింజల ఆలోచన కూడా నాదే. టిక్కు పెట్టమంటే పిల్లలు పక్కవాళ్ళ కాగితంలోకి చూస్తారు, లేకపోతే "మేడం, ఏది కరెక్టు?" అని అడుగుతారు. పరీక్ష భయం మరి. అందుకని కాగితం తీసేసి, ఒక స్టీలు పళ్ళెం, ఐదు చింతగింజలు పెట్టాను. నేను ఒక మాట చదువుతాను. అది నీ విషయంలో పూర్తిగా నిజమైతే ఐదు గింజలూ పళ్ళెంలో వెయ్యి, కొంచెం నిజమైతే రెండు వెయ్యి, అసలు నిజం కాకపోతే ఏమీ వెయ్యకు. చింతగింజలతో ఆడుకోని పిల్లలు ఈ దిక్కున ఉంటారా? ఏన్కూరులో చేసి చూస్తే పిల్లలు తడుముకోకుండా పెట్టారు. సారు ఆ పళ్ళేన్ని ఫోటో తీసి పైవాళ్ళకు పంపాడు. వాళ్ళకు కూడా నచ్చిందట.

మార్చిలో మణుగూరు వైపు అడవిలో ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల మా జాబితాలో వచ్చింది. ముందురోజు ఇంట్లో మా అత్తమ్మ కొత్త చింతపండు కొడుతోంది. పాత గింజలు పుచ్చిపోయాయని, అప్పుడే తీసిన వాటిలోంచి మంచివి ఏరి, కడిగి, ఆరబెట్టి డబ్బాలో పోసుకున్నాను. నిగనిగలాడుతున్నాయి. చేతికి ఇంకా పులుపు వాసన తగులుతోంది.

బడిలో బియ్యం బస్తాలుండే గది ఇచ్చారు. కిటికీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలిచాను. మొదటి పిల్ల వచ్చి కూర్చుంది. మాట కలుపుదామని, "చూడు బిడ్డా, మా ఇంటివే, నిన్ననే కొట్టినం, కొత్త గింజలు" అన్నాను. ఆ పిల్ల చేతులు ఒళ్ళోకి లాక్కుంది. మొదటి వాక్యం చదివాను, ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ చదివాను. గింజల వంక చూసి తల దించుకుంది. రెండుసార్లకు మించి బలవంతం చేయకూడదని రూలు. నోటితో చెప్పినా రాసుకోకూడదు, గింజలే లెక్క. సున్నా వేశాను. రెండో పిల్ల కూడా అంతే, మూడో పిల్ల కూడా అంతే. మధ్యాహ్నానికి నా ముందు కాగితాల నిండా సున్నాలే. ఈ బడిలో ఏం జరుగుతోంది దేవుడా అనుకున్నాను.

భోజనాల గంటకు ముందు వచ్చింది ఆ పిల్ల. ఈ కథంతా ఆ పిల్లదే. సన్నగా ఉంది, చెంపలు పీక్కుపోయాయి, అంత ఎండలో కూడా చున్నీ ఒంటి చుట్టూ బిగించి చుట్టుకుంది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ వేలాడుతోంది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని అబద్ధమాడను.

'నాకు చదువంటే ఇష్టం' అని చదివాను. ఐదు గింజలూ తీసి పళ్ళెంలో పోసింది. పొద్దుటి నుంచి పళ్ళెంలో గింజ పడిన చప్పుడు అదే మొదటిది. 'నాకు స్నేహితులున్నారు' అంటే నాలుగు వేసింది. 'నేను బాగా చేయగలిగే పని ఏదో ఒకటి ఉంది' అంటే కాసేపు ఆలోచించి మూడు వేసింది. తర్వాత పెద్దవాళ్ళతో బంధాల ప్రశ్నలు వచ్చాయి. 'ఈ బడిలో నా బాగోగులు పట్టించుకునే పెద్దవాళ్ళు ఒకరైనా ఉన్నారు.' గింజలన్నీ అరచేత్తో తన వైపు తీసుకుంది. పళ్ళెం ఖాళీ. 'నాకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి ఉన్నారు.' ఒక గింజ తీసింది. వేళ్ళ మధ్య తిప్పింది. నా ముఖంలోకి చూసింది. ఆ గింజను తెచ్చి మిగతా నాలుగింటి పక్కనే పెట్టింది. నేను సున్నా వేశాను.

లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది. "మేడం, ఇది ఎవలు చదువుతరు?" అని అడిగింది.

ట్రైనింగ్‌లో నేర్పిన జవాబు నా నాలుక చివరే ఉంది. "ఎవ్వరు చదవరు బిడ్డా. పేరు గూడ ఉండదు. ఏం భయపడకు" అన్నాను.

"మంచిది మేడం" అని వెళ్ళిపోయింది. దాని భయం తీర్చాననుకున్నాను. నా మొహం!

మాకు ఒక నియమం ఉంది. ఆ బంధాల ప్రశ్నల్లో రెండు సున్నాలు పడితే, అదే రోజు సారుకు ఫోను చేయాలి. ఆయన ఆ పిల్ల విషయం కనుక్కునే ఏర్పాటు చూడాలి. ఆ రోజు నేను ఫోను చేసిన మాట నిజమే. కానీ ఏ సంగతి మీద చేశానో వినండి.

భోజనాల దగ్గర వంట చేసే ఆయమ్మ నాకు అన్నం పెడుతూ, "పిల్లలేమన్న చెప్పిన్రా మేడం?" అని అడిగింది. ఏం చెప్తారు, ఒక్కరు కూడా గింజ ముట్టరు అని విసుక్కుంటూ డబ్బా తీసి చూపించాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "అయ్యో, కొత్తవి గదమ్మా! మా ఊర్లల్ల ఇంక పండుగ గాలే. దేవర ముందల పెట్టక ముందు కొత్త చింతపండు మేం ముట్టం. పిల్లలెట్ల ముడ్తరు? ముడితే ఇంటోళ్ళకు కీడంటరు" అంది.

నెత్తి కొట్టుకున్నాను. పొద్దుటి నుంచి పడ్డ సున్నాలకు కారణం ఇదా! ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఈ బడి పిల్లలకు ఏమీ కాలేదు, తప్పు నాది, నా గింజలది. చెయ్యి కడుక్కోకుండానే సారుకు ఫోను చేశాను. ఆయన సంబరం అంతా ఇంతా కాదు. "మేడం, మీరు పట్టుకోకపోతే ఈ పిల్లలకు ఎవరూ దిక్కు లేరని రిపోర్టు రాసేవాళ్ళం. కొలత తప్పయితే మనుషులే తప్పనిపిస్తారు. ఇది అందరికీ చెప్పాల్సిన సంగతి" అన్నాడు.

"మరి ఈ కాగితాలేం జెయ్యాలె సార్?"

"అన్నీ రద్దు చేయండి. ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే లెక్క చెడుతుంది. పది రోజులాగి, ఇంకేవైనా పెట్టి మళ్ళీ మొదట్నుంచీ చేద్దాం."

బియ్యం బస్తా మీద కాగితాలు పెట్టుకుని, ఒక్కోదాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాశాను. ఆ పిల్ల కాగితం దగ్గర నా చెయ్యి ఆగిందని చెబితే బాగుంటుంది. ఆగలేదు. ఐదు, నాలుగు, మూడు అని అంకెలు ఉన్నాయే, మిగతావాళ్ళలా మొదటి నుంచి చివరిదాకా సున్నాలు కావే అని నాకు తట్టలేదు. గింజలు ముట్టనివాళ్ళ సున్నా వేరు, గింజ తీసి మళ్ళీ పెట్టేసిన దాని సున్నా వేరు. అందరినీ ఒకే గాటన కట్టేశాను. ఆయమ్మ చేతి పప్పు బాగుందని రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

పది రోజుల తర్వాత వాగులో గులకరాళ్ళు ఏరుకుని వెళ్ళాను. ఈసారి పిల్లలు గలగలా వేశారు. వార్డెన్ మేడం మధ్య మధ్య వచ్చి తలుపు దగ్గర నిలబడి పోతోంది. ఆవిడ నిలబడినప్పుడల్లా రాళ్ళు ఇంకాస్త ఎక్కువ పడుతున్నాయని గమనించాను. గమనించి ఏం చేశాను? ఏం చేయలేదు. అంకెలు బాగా వస్తున్నాయి, నాకు అదే చాలు.

ఆ పిల్ల వంతు వచ్చేసరికి పిలిస్తే రాలేదు. "జరమొచ్చి ఇంటికి వోయింది" అంది వార్డెన్. "దానిది ఎప్పుడు ఉండేదే మేడం. ఊకె కడుపునొప్పి అంటది, అన్నం తినబుద్ధి అయితలేదు అంటది. పరీక్షలొస్తే గిట్లనే నాటకాలు. నెల దినాల సంది అదే పాట."

నెల రోజుల నుంచి అదే పాట పాడుతోందంటే, నా ముందు కూర్చున్న రోజున కూడా ఆ నొప్పి ఉన్నట్టే కదా. ఆ లెక్క నాకు అక్కడే రావాలి. రాలేదు. 'గైర్హాజరు' అని రాసుకున్నాను. ఎవరైనా రాకపోతే హాజరుపట్టీలో తర్వాతి పేరున్న పిల్లను తీసుకోవాలని నియమం. తీసుకున్నాను. ఆ పిల్ల అన్నిటికీ ఐదేసి రాళ్ళు వేసింది.

ఏప్రిల్ మొదట్లో ఖమ్మంలో మీటింగు పెట్టారు. పైవాళ్ళు కూడా వచ్చారు. నా చింతగింజల సంగతి నా చేతనే చెప్పించాడు సారు. ఒక చోటి కొలత ఇంకో చోటికి పనికిరాదని, మనుషుల పద్ధతులు తెలియకుండా పిల్లల మనసులు తెలుసుకోలేమని నోటికొచ్చినట్టు దంచాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా ఇంటికి తెచ్చి అత్తమ్మకు చూపిస్తే, "చింతపండు గొట్టింది నేను, శాలువా నీకా?" అని ఆటపట్టించింది. కడుపుబ్బ నవ్వాను.

ఆ వారంలోనే తల్లిదండ్రుల్ని కలిసే పని మొదలైంది. మొదటి హాజరుపట్టీ నుంచి చీట్లు తీసి కొన్ని ఇళ్ళు ఎంచారు. అందులో ఆ పిల్ల ఇల్లు కూడా వచ్చింది. బస్సు దిగి, అడవిలో మట్టి రోడ్డున నడిచి వెళ్ళాను. ఊరి చివర రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం, దాని వెనక వాళ్ళ ఇల్లు. తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. నాకంటే చిన్నదేమో కూడా, కానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫలానా బడి నుంచి పిల్లల సర్వే అని చెప్పి, బిడ్డ ఎలా ఉంది అక్కా అని అడిగాను.

"బిడ్డ లేదమ్మా" అంది.

బడికి వెళ్ళిందేమో అనుకున్నాను. ఎంతసేపు అలా అనుకున్నానో తెలియదు. ఆమే మళ్ళీ చెప్పింది. "చచ్చిపోయి ఇరవై దినాలాయె. పచ్చకామెర్లు. బల్లోళ్ళు జరమని బస్సెక్కిచ్చి పంపిన్రు. దిగంగనే చూస్తే కండ్లు పసుపు ముద్దలోలె ఉన్నయి. భద్రాచలం దవాఖానకు తీస్కపోయినం. ఇంత ముదిరేదాంక ఏం జేసిన్రమ్మా అన్నడు డాక్టరు. వారం ముందల తెచ్చినా బతుకునన్నడు."

వారం ముందు కాదు, అంతకంటే ముందే ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుంది. అక్కడే వాకిట్లో కూర్చుండిపోయాను. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చచ్చింది ఆమె బిడ్డ, నీళ్ళు తాగింది నేను. ఛీ, ఏం బతుకు అనిపించింది.

"దవాఖానకు పోయే ముందల రెండు దినాలు ఇంట్లనే ఉండె" అంది. "నోరు చేదంటే చారు పెట్టిన. అప్పుడే దంచిన కొత్త చింతపండు. రెండు బుక్కలు తిన్నది."

"కొత్త చింతపండా? అప్పటికి మీ పండుగ కాలేదు కదక్కా?" నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో!

"మాకేం పండుగమ్మా? మా అత్తమామల కాలం నుంచి మందిరానికే పోతం. ఆ పట్టింపు మాకు లేదు. అవతలి ఊర్లోళ్ళకు ఉంటది."

నల్లదారానికి ఉన్న సిలువ అప్పుడు గుర్తొచ్చింది. ఐదు, నాలుగు, మూడు కూడా అప్పుడే గుర్తొచ్చాయి. ఆ బియ్యం గదిలో అంతమంది పిల్లల్లో నా ప్రశ్నలకు నిజంగా జవాబు చెప్పింది అదొక్కతే. మిగతావాళ్ళు గింజలకు జడిశారు. అది జడవలేదు. గింజ చేతిలోకి తీసుకుని, ఆలోచించి, నా కళ్ళలోకి చూసి మరీ ఎవరూ లేరని చెప్పింది. అందరి పద్ధతులూ తెలిసినదాన్నని విర్రవీగి, దాని పద్ధతి ఏమిటో కనుక్కోకుండా ఎర్ర గీత కొట్టాను. దాన్ని చంపింది కామెర్లే కావచ్చు, వార్డెన్ నిర్లక్ష్యమే కావచ్చు. కానీ ఒక్క ఫోను నా చేతిలో ఉండింది. ఆ ఫోనులో నేను చింతపండు గురించి మాట్లాడాను.

తల్లి నన్ను చాలాసేపు తేరిపార చూసింది. "గింజలు పెట్టి అడిగిన మేడం మీరేనా?" అంది.

తల ఊపాను.

"చెప్పింది నాకు. ఒక మేడం వచ్చిందమ్మా, మంచిగ మాట్లాడింది, చెప్పిన, రాసుకున్నది అన్నది. మరి ఏమన్న జేస్తదేమో బిడ్డా అంటే, లేదమ్మా, అది ఎవ్వరు చదవరంట అన్నది." "ఏం చెప్పిందమ్మా మీకు?" అని అడిగింది.

పేర్లుండని కాగితం, ఎవరికీ చెప్పనని మాటిచ్చిన కాగితం. ఆ మాట ఇంక ఎవరికోసం దాచాలి? చెప్పాను. "చదువంటే ఇష్టమన్నదక్కా. ఐదు గింజలు పెట్టింది. ఒంట్లో బాగలేకపోతే చెప్పుకునేటందుకు ఎవరన్న ఉన్నరా అంటే, ఎవ్వరు లేరన్నది."

ఏడుస్తుందనుకున్నాను, నా మీద పడి కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమెకు అర్థం కానట్టు నా వంకే చూసింది.

"ఎవ్వరు లేరన్నదా?" అంది. "మీకు చెప్పింది గదమ్మా."

"అవ్ అక్కా" అన్నాను. "నాకు చెప్పింది."